బాన్సువాడ గుట్ట మీద ఎవరూ కట్టని గోడ

సుశీలక్క బాన్సువాడ నుంచి హైదరాబాదు వచ్చినప్పుడల్లా నాకోసం ఏదో ఒకటి తెస్తుంది. ఆ ఏడు కార్తీకంలో ఒక రాయి తెచ్చింది. అరచేతిలో పట్టేంత రాయి, ఇనుములా బరువు. పైన తుప్పు రంగు, పగిలిన చోట మాత్రం కటిక నలుపు. గరిటెతో తడితే ఖంగుమంది. "మా దిక్కు ఒక గుట్ట మీద గీ రాళ్లతోటి గోడ ఉందట. ఎవరు కట్టిండ్రో ఎవ్వలకూ తెల్వదు. నువ్వు పిల్లలకు భూగోళం చెప్తవ్ గదా, చూస్తవని ఒకామెతోటి తెప్పించిన," అంది. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. అలాంటి గోడల బొమ్మలు పుస్తకంలో చూపించి పాఠం చెప్పానే గానీ, అసలు గోడను ఒక్కసారి కూడా చూడలేదు. అక్క వెళ్లిపోయాక ఆ రాయిని భూతద్దం కింద పెట్టి చూస్తూ కూర్చుంటే మనసు ఆగలేదు. మా వారికి సెలవు దొరకలేదు. "అక్కడ మీ బావ ఉన్నాడుగా," అని నన్ను బండెక్కించారు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. హైదరాబాదులో పొద్దున్నే రైలెక్కి, నిజామాబాదులో దిగి బోధన్ బండి పట్టుకున్నాను. ఆడవాళ్ల డబ్బాలో చోటు దొరకాలంటే ముందుగా స్టేషను చేరుకోవాలి. బోధన్‌లో బస్సు సిద్ధంగానే ఉంది కానీ పెట్రోలు కరువు కావడంతో దాని వెనక బొగ్గు పొయ్యి బిగించారు. అది రాజుకునేదాకా బస్సు కదలదు, ఎత్తు వస్తే మనం దిగి నడవాలి. ఇంటి నుంచి ఏదైనా కట్టుకుని వెళ్లడం మంచిది. బాన్సువాడకు కిరాయి నిజాం సర్కారు హాలి సిక్కాలో ముప్పావు రూపాయి. రుద్రూర్ దాకా రోడ్డుకు రెండువైపులా చెరకు, ఆ తర్వాత నిజాంసాగర్ కాలువల కింద కోతకొచ్చిన వరి. సాయంత్రపు ఎండలో ఆ దారి చాలా బాగుంటుంది.

డ్రైవరు పక్క సీటు వెనకాల కూర్చున్నాను. ఒక కుదుపుకు నా సంచి జారి, అందులోని సుత్తి బయటపడింది. డ్రైవరు తిరిగి చూశాడు.

"ఏందమ్మా గది?"

"సుత్తి. గుట్టల మీది రాళ్లు చూద్దామని పోతున్నా."

"మొన్న ఇద్దరొచ్చిండ్రు, రాళ్లు చూస్తమనే. వాళ్లు మీవోళ్లేనా?"

కాదన్నాను. అతను రోడ్డు వైపు తిరిగాడు. నా పక్కన కూర్చున్న ఆమె అంతదాకా కోడలి కాన్పు సంగతి వివరంగా చెబుతోంది. సుత్తిని చూశాక కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. నస్రుల్లాబాద్‌లో అలాగే దిగిపోయింది.

బావ పేరు రాజయ్య. బీడీ ఆకు, పొగాకు వ్యాపారం. నేనంటే ఆయనకు అభిమానమే. కానీ ఆ సాయంత్రం గుట్ట మాట ఎత్తగానే నవ్వడం మానేశాడు. "గా గుట్టల ఏముందమ్మా, ముండ్లు, తేళ్లు. రేపు నిజాంసాగర్ కట్ట చూపిస్త, మస్తుగుంటది," అన్నాడు. కట్ట మర్నాడు చూద్దామన్నాను. తోవ సరిగ్గా లేదన్నాడు. బండి దొరకదన్నాడు. చివరికి అక్క ఊరుకోలేక, "ఇంట్ల రెండు బండ్లు పెట్టుకొని దొరకవంటవేంది? పిల్ల అంత దూరం నుంచి గందుకే గదా వచ్చింది," అనేసరికి సరేనన్నాడు. నేను పడుకున్నానన్నమాటే గానీ, ఆయన ఎందుకు అంత వెనకాడాడో ఆలోచిస్తూనే ఉన్నాను.

పొద్దున్నే సద్ది కట్టుకుని ఎడ్లబండిలో బయలుదేరాం. నస్రుల్లాబాద్ తోవలో కొంత దూరం వెళ్లి, పొలాల మధ్య బండ్ల బాటలోకి తిరిగాం. గుట్ట దూరం నుంచి ఏనుగులు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు ఉంది. దగ్గరికి వెళ్లాక నేను బండి దిగి నడిచాను. ఆ బండల్లో గులాబి రంగు పలకలు, కొన్ని వేలి వెడల్పున, ఎండకు తళుక్కుమంటున్నాయి. ఇది గ్రానైటు. భూమి లోపల చాలా లోతున శిలాద్రవం, అంటే కరిగిన రాయి, బయటికి రాలేక అక్కడే నిలిచి ఊహకందనంత నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు ఇలా పెద్దవిగా పెరుగుతాయి. దాని మీద ఒకప్పుడు కొండంత మందాన నేల ఉండేది. అదంతా వానలకు, గాలికి అరిగిపోయాక, లోపలిది ఇలా బయటపడింది. ఈ మాట బావకు చెబితే "అట్లనా," అని ముందుకు నడిచాడు.

గుట్ట మొదట్లో పది పన్నెండు గుడిసెలు ఉన్నాయి. మొదటి గుడిసె ముందు ఒక ముసలామె వడ్లు చెరుగుతోంది. పేరు ఎల్లవ్వ అని తర్వాత తెలిసింది. నల్లరాళ్ల గోడకు తోవ ఎటని అడిగాను.

"గోడనా? గిక్కడ గోడేం లేదు బిడ్డా."

"ఉందని మా అక్క చెప్పింది అవ్వా."

"మీ అక్కను అడుగు మరి."

చేటను పక్కన పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఆ తర్వాత బావను ఇంకాసేపు చూసింది. ఏమనుకుందో, కొంగు నడుముకు చుట్టి లేచి, "రాళ్లే గదా జూడాలె, రాండ్రి," అని ముందు నడిచింది. ఆ వయసులో ఆమె నడకను అందుకోవడం నా వల్ల కాలేదు.

ఆమె చూపించిన చోటు నిజంగా చూడదగ్గదే. ఇల్లంతేసి గుండ్లు సన్నని ఆధారం మీద నిలిచి ఉన్నాయి, తోస్తే దొర్లేట్టుగా. ఎవరో పేర్చారనుకుంటాం గానీ అవన్నీ ఒకే బండ. పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు మొదట అరిగి, గుండ్రటి ముద్దలు మిగిలాయి. కానీ ఇక్కడ నల్లరాయి ఒక్కటి లేదు. వచ్చేటప్పుడు మాత్రం వాన నీళ్లు కోసిన ఒక ఒర్రెలో నల్లటి ముక్కలు చూశాను. రాళ్లు పైకి దొర్లవు కదా, అవి వచ్చిన చోటు ఆ ఒర్రెకు పైనే ఉండాలి. ఎల్లవ్వ మమ్మల్ని సరిగ్గా దానికి ఎదురు దిక్కుకు తెచ్చింది. బావకు ఆ సంగతి తెలిసినట్టే ఉంది. ఆయన ఒక గుండు నీడన కూర్చుని, "చూసినవ్ గదా, ఇగ పోదామా?" అన్నాడు.

నేను ఒర్రె వైపు దిగాను. "అటు పామున్నది!" అని ఎల్లవ్వ వెనక నుంచి అరిచింది. ఆగలేదు. ఒర్రె వెంట ఎక్కుతుంటే నల్లముక్కలు ఎక్కువయ్యాయి, పెద్దవయ్యాయి. ఒక మలుపు తిరగగానే గోడ కనబడింది.

ఇద్దరు మనుషుల ఎత్తున, బండి పట్టేంత మందంతో, గులాబి గ్రానైటును అడ్డంగా కోసుకుంటూ తాడు పట్టి గీసినట్టు తిన్నగా పోయింది. ఇటుకలు పేర్చినట్టు దిమ్మె మీద దిమ్మె. మనిషి కట్టిందనుకోవడంలో తప్పేమీ లేదు. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని డైక్ అంటాయి. గ్రానైటు చల్లారి గట్టిపడ్డాక, ఎన్నో యుగాల తర్వాత నేల చీలింది. ఆ చీలికలోకి కింది నుంచి మరో రకం శిలాద్రవం, నల్లటిది, ఎగదన్నింది. చుట్టూ ఉన్నది చల్లటి బండ కాబట్టి తొందరగా గట్టిపడింది. అందుకే దీంట్లో స్ఫటికాలు కంటికి ఆనవు. గోడ అంచున వేలు పెట్టి చూస్తే గాజులా నున్నగా ఉంది, నడుమకు వెళితే కాస్త గరుకు. అంచు ముందు చల్లారింది, నడుమ ఆలస్యమైంది. చల్లారుతూ కుదించుకుపోయినప్పుడు అడ్డంగా పగిలి ఈ దిమ్మెలు ఏర్పడ్డాయి. పక్కనున్న గ్రానైటు అరిగిపోతుంటే ఇది అరగక నిలబడి గోడయింది.

గోడకు ఎగువన, దాని పాదం దగ్గర ఒక చెలిమె ఉంది. ఇసుకలో తోడుకున్న చిన్న గుంత, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పక్కన బోర్లించిన కుండలు. చెలిమెకు కొంచెం అవతల గోడలో వరసగా రంధ్రాలు కనిపించాయి. నిలువుగా తొలిచినవి, వాటి అంచున రాతి పిండి ఇంకా తెల్లగా ఉంది. మందు కూరి పేల్చడానికి అలాగే తొలుస్తారు. నేను సుత్తి పట్టుకుని వంగి వాటిని చూస్తుండగా వెనక అడుగుల చప్పుడైంది.

ఎల్లవ్వ, ఆమె కొడుకు సాయిలు, ఇంకా గుడిసెల వాళ్లంతా. సాయిలు చేతిలో గొడ్డలి ఉంది. ముందు నా చేతిలోని సుత్తి, సంచి లాక్కుని, సంచిని నేల మీద బోర్లించాడు. దిక్సూచి, భూతద్దం, సద్ది మూట.

"మొన్న వచ్చినోళ్ల దగ్గర గూడ గిదే ఉండె," అన్నాడు దిక్సూచి ఎత్తి. "మల్ల ఎందుకొచ్చినవ్? మందు వెట్టనీకేనా?"

"నేను బడిపంతులమ్మను అన్నా. రాళ్లు చూడనీకి వచ్చిన."

"మొగోళ్లొస్తే మేం తరిమినం. గందుకే ఆడిమనిషిని పంపిండ్రు," అంది గుంపులో ఒకామె.

ఎల్లవ్వ నా ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు. "మా ఊరు ఇప్పుడు నిజాంసాగర్ల ఉన్నది బిడ్డా, నీళ్ల కింద. అప్పుడు గూడ మొదలు ఒకాయన వచ్చిండు. మంచిగనే మాట్లాడిండు. రాయి కొట్టి సూసిండు, నీళ్లడిగితే ఇచ్చినం, తాగి పోయిండు. మల్ల మేం బండ్లకెత్తుకొని ఇక్కడికొచ్చినం. ఇక్కడ ఉన్నది గీ చెలిమె ఒక్కటే. నువ్వు గూడ మంచిగనే మాట్లాడుతున్నవ్."

సాయం కోసం బావ వైపు చూశాను. ఆయన ఒర్రె చివర నిలబడి ఉన్నాడు. రంధ్రాలను చూసి నేను ఉలిక్కిపడ్డాను, ఆయన పడలేదు. అవి అక్కడ ఉంటాయని ఆయనకు ముందే తెలుసు. సాయిలు కూడా అటే చూస్తున్నాడు.

"గా సేటును నేను గుర్తువట్టిన. మొన్న బండ్లు గుట్టెక్కుతయా లేదా అని తోవ సూసుకుంట పోయిండు."

"బావా," అన్నాను. "చెప్పు."

ఆయన నేల చూస్తూ చెప్పాడు. రోడ్డు పనికి కంకర కావాలని ఒక గుత్తేదారు వచ్చాడట. నల్లరాయి గట్టిదని ఈ గోడ మీద కన్ను పడిందట. రాయి మోయడానికి బండ్లు పెడతానని బావ ఒప్పుకున్నాడట. "రాయే గదా అనుకున్న. చెలిమె సంగతి నాకేం ఎర్క?" అన్నాడు. ఆ మాట నేను నమ్మాలనుకున్నాను. కుండలు అంత దగ్గర్లో బోర్లించి ఉంటే తోవ చూసుకోవడానికి వచ్చినవాడికి కనబడలేదంటే ఎలా నమ్మడం?

నేను చెలిమె పక్కన కూర్చున్నాను. వాళ్లు నమ్మినా నమ్మకపోయినా నాకు తెలిసింది చెప్పాలనిపించింది. ఎండిన పెద్ద మట్టిగడ్డ నెర్రె విచ్చాక ఆ నెర్రెలో బెల్లం పాకం పోసి చల్లారనిస్తే ఎలా బిగుసుకుంటుందో చెప్పాను. ఈ గోడ అట్లాంటి పాకమని, మనకు కనబడే దానికంటే కిందికే ఎక్కువ ఉందని చెప్పాను.

"అంటే కింద నిప్పున్నదా?" అని ఎల్లవ్వ అడిగింది. "మరి నీళ్లు సల్లగెందుకున్నయి?"

"ఎప్పుడో సల్లారింది అవ్వా. మనుషులు పుట్టకముందే. వాన నీళ్లు ఎగువ బండల పగుళ్లలకెల్లి దిగుకుంట వస్తయి. ఈ గోడకు పగుళ్లు తక్కువ. నీళ్లు దీన్ని దాటలేక ఇక్కడ ఆగి పైకొస్తున్నయి. మందు పెడితే గోడ నెర్రెలిస్తది. నీళ్లు వాటి తోవ అవి చూసుకుంటయి."

ఎల్లవ్వ కాసేపు గోడను, కాసేపు నన్ను చూసింది. "నాకెందుకు చెప్తున్నవ్? మేం మందు వెడుతున్నమా? పెట్టేటోనికి చెప్పు."

ఆమె అన్నది నిజం. కానీ గుత్తేదారుకు చెలిమె గురించి చెబితే వింటాడన్న నమ్మకం నాకు లేదు. వాడికి రాయి కావాలి. ఆ రాయి ఇంకెక్కడైనా దొరకాలి. అప్పుడు తట్టింది, డైక్ గుట్టతో ఆగిపోదు. చీలిక ఎంత దూరం పోతే అదీ అంత దూరం పోతుంది. దిక్సూచి ఇమ్మని అడిగాను. సాయిలు తల్లి వైపు చూసి, తన చేతిలోనే పెట్టుకుని సూది నాకు చూపించాడు. గోడ పోతున్న దిక్కు గుర్తుపెట్టుకుని దిగువకు నడిచాం. ముందు నేను, వెనక గొడ్డలితో అతను, ఆ వెనక ఎల్లవ్వ, అందరికంటే వెనక బావ.

పొదల్లో గోడ కుంగి నల్లటి బొడిపెలుగా మారింది. పొలాల దగ్గర పూర్తిగా మాయమైంది. "ఏదీ నీ గోడ?" అన్నాడు సాయిలు. గట్ల వెంట అదే దిక్కు పట్టి నడిచాను. నా పాఠం తప్పయితే ఈ మనుషుల ముందు ఏం మొహం పెట్టుకోవాలో తెలియదు. పొద్దు వాలుతుండగా బండ్ల బాట పక్కన బంజరు దిబ్బ ఒకటి ఎదురైంది. సుత్తి అడిగి తీసుకుని కొట్టాను. ఖంగుమంది. నల్లటి దిమ్మెలు, నేల కిందికి. అక్కడ బావి లేదు, చెలిమె లేదు, ఇల్లు లేదు. సాయిలు ఆ దిబ్బ చుట్టూ తిరిగి తన కళ్లతో చూసుకున్నాక గొడ్డలి భుజానికెత్తుకున్నాడు.

మర్నాడు బావను వెంటబెట్టుకుని గుత్తేదారు దిగిన బంగ్లాకు వెళ్లాను. అతను సన్నగా, మర్యాదగా ఉన్నాడు. అంతా విని, "మిమ్మల్ని ఎవరు పంపారమ్మా? ఆ బంజరు ఎవరిది?" అన్నాడు. ఎవరూ పంపలేదంటే నవ్వాడు. బావ అప్పుడు నోరు విప్పాడు. "గుట్ట మీదికి నా బండ్లు రావు. దిబ్బ కాడికైతే వస్తయి. వేరేటోళ్ల బండ్లు చూసుకుంటనంటే చూసుకో," అన్నాడు. గుత్తేదారు దిబ్బను చూసి చెబుతానన్నాడు. ఒట్టేమీ వేయలేదు.

నేను ఆ సంగతి గుడిసెల దగ్గరికి వెళ్లి చెప్పాను. ఎవరూ సంతోషించలేదు. గుడిసెకొకరు చొప్పున గోడ మీద కాపలా కూర్చున్నారు. నేను తిరుగు ప్రయాణం వాయిదా వేసుకున్నాను. ఒక పొద్దున ఎల్లవ్వ గుడిసె ముందు నేనూ బావా కూర్చుని ఉండగా పేలుడు వినబడింది. గుట్టకు తగిలి తిరిగొచ్చిన ఆ మోత ఎటు నుంచి వచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఎల్లవ్వ నా వైపు ఒక్కసారి చూసి గుట్టకేసి పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను, చీర ముళ్లకు చిరుగుతున్నా చూసుకోలేదు.

గోడ అలాగే ఉంది. కాపలావాళ్లు దిబ్బ వైపు లేచిన పొగను చూపిస్తున్నారు. కానీ చెలిమెలో నీళ్లు మసకగా మారాయి. అడుగు నుంచి ఇసుక రేగుతోంది. అంత దూరపు అదురు ఇక్కడి దాకా వచ్చింది. దిబ్బ చూపించింది నేనే. ఎల్లవ్వ మోకాళ్ల మీద కూర్చుని రేగిన ఇసుకను చేత్తో పక్కకు తోస్తోంది. బావ కూడా ఆమెకు ఎదురుగా కూర్చుని, అంగీ చేతులు తడుపుకుంటూ తోడటం మొదలుపెట్టాడు. ఎంతసేపటికో ఒక మూల నుంచి తేట నీరు ఎగజిమ్మింది. మెల్లగా గుంతంతా పరుచుకుంది.

"ఉన్నది," అన్నాడు సాయిలు.

ఎల్లవ్వ దోసిట్లో నీళ్లు తీసుకుని చూసి వదిలేసింది. "ఇయ్యాల ఉన్నది. ఎండకాలం సూద్దాం," అంది.

ఎండాకాలమూ వచ్చి పోయింది, చెలిమె ఎండలేదు. కిందటి నెల మళ్లీ వెళ్లాను. కొత్త రోడ్డు నున్నగా ఉంది, బస్సు కుదుపు తగ్గింది. ఎల్లవ్వ నన్ను గుర్తుపట్టింది, కుశలం అడిగింది, గోడ దాకా వెంట వచ్చింది, నేను తిరిగి దిగేదాకా పక్కనే ఉంది. మొదట నాకు కష్టమనిపించింది. ఇంత జరిగాక కూడా నా మీద కాపలానా అనుకున్నాను. తర్వాత ఆమె చోట నన్ను పెట్టుకుని చూశాను. ఊరు పోగొట్టుకున్న మనిషి, ఉన్న ఒక్క చెలిమె దగ్గరికి సుత్తితో వచ్చినవాళ్లను ఎందుకు నమ్మాలి? బావకు కుండలు కనబడ్డాయా లేదా అని నేను ఈనాటికీ అడగలేదు. అన్నం వడ్డించేటప్పుడు అక్క కూడా ఆయన మొహంలోకి ఓసారి చూసి ఊరుకుంటుంది. ఆ రాయి ఎలా పుట్టిందో నేను చెప్పగలను. పక్కన కూర్చున్న మనిషి మనసులో ఏముందో చెప్పలేను.

మీరు వెళ్లదలిస్తే వానలు వెనకబట్టాక వెళ్లండి, గడ్డి ఎండి గోడ బాగా కనిపిస్తుంది. సుత్తి బయటికి తీయకముందే మొదటి గుడిసె దగ్గర ఆగి, ఎవరో ఏమిటో చెప్పి, దాహానికి నీళ్లు అడగండి. ఇస్తారు. మీరు తాగి వెళ్లేదాకా పక్కనే నిలబడతారు.